ఊరి పుట్టుక ఎక్కడ వెతకాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

పల్లెల పేర్ల గురించి రెండు సంచికల కిందట రాసినప్పటి నుంచి వస్తున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం సొంత ఊరి చరిత్ర గురించినవే. అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల నుంచి వచ్చిన కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. మరి కొందరు అడిగిన దానికి కూడా జవాబు అందులోనే ఉన్నందున దానిని కుదించలేదు.

ప్రశ్న: మాది రెండు వందల గడపల పల్లె. నేను ఊరి బడిలో ఉపాధ్యాయుడిని. పిల్లల చేత మా ఊరి భూగోళం, చరిత్ర రాయిద్దామని మొదలుపెట్టి మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాము. మాకు కోట లేదు, పేరున్న గుడి లేదు, పాత గెజెటీర్‌లో మా ఊరి పేరు కూడా లేదు. ఏ రాజు కాలంలో ఊరు కట్టారో చెప్పగలవారు లేరు. ఇటువంటి ఊరికి చరిత్ర ఎలా రాయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, కళ్యాణదుర్గం ప్రాంతం

సమాధానం: రాజు దగ్గర మొదలుపెట్టారు కనుకనే మొదటి పేజీ దగ్గర ఆగిపోయారు. మీ వైపు ఊళ్ళను రాజులు కట్టించిన దానికంటే వాన నీళ్ళు నిలబెట్టినదే ఎక్కువ. కాబట్టి పిల్లలను ముందుగా ఊరికి ఎగువన ఉన్న గుట్ట మీదికి తీసుకువెళ్ళి, ఇక్కడ పడిన చినుకు ఎటు పోతుందో చెప్పమనండి. మీ ప్రాంతానికి పడమర దిక్కున వేదవతి పారుతుంది. దానినే హగరి అని కూడా అంటారు. తూర్పున పెన్న పారుతుంది. నంది కొండలలో పుట్టి ఉత్తరంగా వచ్చే పెన్న, ఆ తరువాత తూర్పుకు తిరిగి తాడిపత్రి, గండికోటల మీదుగా నెల్లూరు వైపు సముద్రానికి చేరుతుంది. వేదవతి తుంగభద్రలో, ఆ నీరు కృష్ణలో కలుస్తుంది. ఈ రెండు నదుల నడుమ ఉన్న మిట్టల మీద వాన కురిస్తే, అవతలి వాలున జారిన నీరు ఒక నదికీ ఇవతలి వాలున జారిన నీరు మరొక నదికీ పోతుంది. మీ ఊరి వంక ఏ వైపుదో తేలితే ఎగువ ఊరు ఏది, దిగువ ఊరు ఏది, పాతకాలంలో ఎవరితో నీటి తగవు ఉండేది, ఎవరితో పెళ్ళి సంబంధాలు ఎక్కువ అన్న సంగతులు ఒకదాని వెంట ఒకటి బయటికి వస్తాయి.

వాన లెక్క కూడా మొదటి పేజీలోనే ఉండాలి. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య వానలు ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. అందువల్లనే ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడుతుంది. అయితే సగటు అన్న మాట ఇక్కడ కొంత మోసం చేస్తుంది. ఆ వానలో పెద్ద భాగం రెండు మూడు జడివానలలో కురిసి, వంకలు నిండుగా పారి, నాలుగు రోజులకే ఎండిపోతుంది. ఆ నాలుగు రోజుల నీటిని పట్టి ఏడాది పొడుగునా వాడుకోవడం ఎలాగన్న ప్రశ్నకు దొరికిన సమాధానమే మన చెరువు, ఆ చెరువు ఒడ్డున వెలిసినదే మన పల్లె.

ఇప్పుడు చెరువు కట్ట మీదికి రండి. కట్టకు ఒక కొనన నీటిని చేలకు వదిలే తూము, మరో కొనన నిండిన నీరు పొర్లిపోయే మరువ ఉంటాయి. తూము దగ్గర నీటిలో నిలబడిన రెండు రాతి స్తంభాలను, వాటిని కలుపుతూ అడ్డంగా పేర్చిన దూలాలను, ఆ దూలాల నడుమ రంధ్రంలో నుంచి దిగే కర్రను పిల్లల చేత బొమ్మ గీయించండి. అడ్డురాళ్ళ మీద చేపో, పామో, లక్ష్మీదేవో చెక్కి ఉంటే దానిని కూడా వదలవద్దు. మరువ రాళ్ళ మీదుగా నీరు దూకినప్పుడు, అంటే చెరువు మరువ పారినప్పుడు, ఊరివారు గంగపూజ చేసి ఏటను కోస్తారు. అది చివరిసారి ఏ సంవత్సరం జరిగిందో ముసలివారిని అడిగితే, పుట్టిన తేదీలు తెలియనివారు కూడా ఆ ఏడు మాత్రం తడుముకోకుండా చెబుతారు. అటువంటి జవాబులు పది పోగుచేస్తే మీ ఊరికి వాన చరిత్ర తయారవుతుంది. మీ మరువ నుంచి దూకిన నీరు దిగువ ఊరి చెరువులో పడుతుంది. ఆ చెరువు నిండితే దాని దిగువ చెరువుకు పోతుంది. ఇలా గొలుసుకట్టుగా ఉన్న చెరువులలో ఎగువ ఊరివారు రాత్రికి రాత్రి మరువ మీద ఇసుక బస్తాలు వేసి నీటి మట్టం జానెడు పెంచుకుంటే, దిగువ ఊరికి ఒక కారు పంట పోయినట్టే. కరణాల కాగితాలలో కనిపించే ఊరి తగవులలో చాలా వాటికి మూలం ఈ జానెడు నీరే.

ఇళ్ళు ఎక్కడ ఉన్నాయో గమనించండి. చెరువు కింద మడి నేల బంగారం కనుక అక్కడ ఎవరూ గోడ లేపలేదు. ఊరు ఎప్పుడూ పక్కనే ఉన్న గరుసు మిట్ట మీద, నీరు నిలవని చోట ఉంటుంది. పాత మట్టి మిద్దెలకు కప్పు మీద పరిచిన చవుడు ఎక్కడి నుంచి తెచ్చేవారో, రాళ్ళు ఏ గుట్టవో అడగండి. నలుపు నేల ఊళ్ళలో కట్టుబడి వేరుగా ఉంటుంది, నాపబండలు ఎక్కువగా కనిపిస్తాయి. నేల మారితే ఇల్లు మారుతుంది. ఇల్లే కాదు, సేద్యపు కాలం కూడా మారుతుంది. ఎర్రనేల ఊళ్ళు ముంగారి (తొలకరి) వానకు విత్తనం వేస్తే, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఊళ్ళు చేను తడిసి, నేల పదును పట్టిన తరువాత హింగారికి (రబీకి) జొన్న, శనగ విత్తుతాయి. అందుకే పది కోసుల దూరంలోనే ఒక ఊరిలో గొర్రు కడుతున్నప్పుడు మరొక ఊరిలో ఎద్దులు ఖాళీగా నెమరు వేస్తుంటాయి.

తరువాతి పని చేల పేర్లు రాయడం. ఇది పిల్లలకు బాగా నచ్చుతుంది, పైగా ఏ గ్రంథంలోనూ దొరకని సమాచారం ఇదే. తలారి మాన్యం, కుమ్మరి మాన్యం, నీరుగంటి మాన్యం, గుడి మాన్యం అన్న పేర్లు ఉన్న చోటల్లా ఒకప్పుడు ఊరి సేవకు బదులుగా ఇచ్చిన ఇనాం నేల ఉన్నదని అర్థం. నీరుగంటి అంటే చెరువు నీటిని మడి మడికీ వంతుల ప్రకారం పారించేవాడు. కళ్ళంలో రాశి లేచినప్పుడు అతనికి మేర, అంటే అతని వంతు గింజలు కొలిచేవారు. పాటిచేను అన్న పేరు వినబడితే ఆగి చూడండి. అక్కడ నేల బూడిద రంగులో ఉండి, నాగలి తగిలినప్పుడల్లా కుండపెంకులు లేస్తుంటే, మీ ఊరు ఒకప్పుడు అక్కడే ఉండి తరువాత ఇక్కడికి జరిగిందన్న మాట. మీ కళ్యాణదుర్గం ప్రాంతంలోనే పాలవాయి దగ్గర ఉన్న బూడిద దిబ్బ, రాతి గొడ్డళ్ళ కాలపు పశువుల కాపరులు పేడను కాల్చగా పేరుకున్నదని పురావస్తు శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే మీరు ఊరి చరిత్ర అనుకుంటున్నది ఆరేడు వందల ఏళ్ళ మాట అయితే, మీ నేల మీద మంద కట్టిన మనిషి చరిత్ర నాలుగు వేల ఏళ్ళ నాటిది.

ఊరి పొలిమేరలోనో, ఆంజనేయుడి గుడి పక్కనో కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉన్న రాయి ఉంటే అది వీరగల్లు కావచ్చు. పశువులను తోలుకుపోవడానికి వచ్చిన దండును అడ్డుకొని చనిపోయినవారికి వేసిన రాళ్ళు సీమలో ఎన్నో ఉన్నాయి. అక్షరాలు కనిపిస్తే వాటిని సుద్దముక్కతో దిద్దవద్దు, సున్నం పూయవద్దు. ఏటవాలు ఎండ పడే ఉదయం పూట ఫోటో తీసి పురావస్తు శాఖకు పంపండి. పల్లె రాళ్ళను తక్కువగా చూడకూడదు. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన, తొలి తెలుగు శాసనంగా పేరుపొందిన శాసనం 575 నాటిది. అది దొరికినది ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ అనే పల్లెలోనే.

కాగితాల వంతు చివరనే రావాలి. రెవెన్యూ కార్యాలయంలో డైగ్లాట్ అనే పాత రిజిస్టరు, పొలం కొలతల పుస్తకం, ఏటేటి అడంగళ్ళు ఉంటాయి. గ్రామ పటంలో వంక పోరంబోకు, చెరువు పోరంబోకు, గ్రామకంఠం వేరువేరుగా గుర్తించి ఉంటాయి. ఇప్పటి ఇళ్ళు ఏ గుర్తు మీద ఉన్నాయో పోల్చి చూస్తే గత నూరేళ్ళ చరిత్ర అక్కడే సగం తెలుస్తుంది. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఒకసారి నేను ఒక కార్యాలయపు రికార్డు గదిలో రోజంతా కూర్చొని, చెదలు తిన్న రిజిస్టరు నుంచి ఇరవై పేజీల వివరాలు ఎత్తి రాసుకున్నాను. సాయంత్రం అట్ట మీద దుమ్ము తుడిచి చూస్తే అది పక్క తాలూకాలో అదే పేరున్న మరొక ఊరిది. మన వైపు ఒకే పేరున్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. కనుక సర్వే నంబరు, పొలిమేర ఊళ్ళ పేర్లు సరిపోలిన తరువాతనే కలం తీయండి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ళ కిందట కరణాల నోట విని రాసుకున్న కైఫీయతులలో మీ ఊరిది ఉంటే అదృష్టమే. లేకపోయినా పొరుగు ఊరి కైఫీయతులో మీ పొలిమేర ప్రస్తావన ఉండే అవకాశం ఉంది. ఆ కైఫీయతులలో ఊరి పుట్టుక కథలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి: అడవి, వేటకు వచ్చిన దొర, కుక్కను తరిమిన కుందేలు. కుందేలు కథను కథగానే రాసుకొని, ఆ పక్కనే చెప్పిన చెరువు, పన్ను, మాన్యాల లెక్కలను మాత్రం శ్రద్ధగా పట్టుకోండి.

ప్రశ్న: మా ఊరిలో వంద కుటుంబాలు ఉన్నాయి. కానీ పాసుపుస్తకాలలో గ్రామం అన్న చోట మా ఊరి పేరు లేదు, వేరే పేరు ఉంది. ఆ పేరు గల ఊరు ఎక్కడా కనిపించదు. ఆ చోట రెండు వేపచెట్లు, ఒక పాడుబడిన గుడి మాత్రమే ఉన్నాయి. ఇది రికార్డులలో జరిగిన పొరపాటా?
– ఒక రైతు, ముద్దనూరు ప్రాంతం

సమాధానం: పొరపాటు కాదు. రెవెన్యూ లెక్కలో గ్రామం అంటే ఇళ్ళ గుంపు కాదు, సర్వే చేసి హద్దులు వేసిన పొలం మొత్తం. ఆ పొలంలో జనం ఎక్కడ ఉన్నా, అసలు ఎవరూ లేకపోయినా ఆ పేరు పోదు. మనుషులు లేని అటువంటి గ్రామాన్ని బేచిరాక్ గ్రామం అంటారు. ఆ పారశీక మాటకు దీపం లేనిది అని అర్థం. రెవెన్యూ భాషలో ఇంత అందమైన మాట మరొకటి నాకు కనిపించలేదు. మీ ఊరు ఆ దీపం లేని ఊరికి మజరా, అంటే అనుబంధంగా వెలిసిన పల్లె.

ఊరు ఖాళీ కావడానికి మన వైపు కారణాలు నాలుగైదే. చెరువు తెగి కట్ట మళ్ళీ పడకపోవడం, కరువు, గత్తర (కలరా), దండుల దారిలో ఉండటం, మంచినీటి బావి ఉప్పెక్కడం. గత్తర వచ్చిన ఊరిని వదిలినవారు సాధారణంగా దూరం పోలేదు. చేను విడిచి పోలేరు కాబట్టి, అరకోసు దూరంలో కొత్త మిట్ట చూసుకొని గుడిసెలు వేసుకున్నారు. మీ రెండు వేపచెట్ల చోటికీ మీ ఊరికీ ఉన్న దూరం కూడా అంతే అయి ఉంటుందని అనుకుంటున్నాను. పాత చోట మిగిలిన దేవుడికి మీ ఊరివారు ఇప్పటికీ ఏడాదికొకసారి బోనం పెడుతుంటే, మీ పూర్వులు వెళ్ళివచ్చిన దారి అదే. ఆ గుడి చుట్టూ ఉన్న పాటిమన్నును బండ్లకెత్తి చేలకు తోలుకుపోవడం ఆనవాయితీ. ఎరువుగా అది మంచిదే. అయితే ఊరి పాత ఆనవాళ్ళు కూడా ఆ బండ్లలోనే పోతున్నాయి.

ప్రశ్న: మా ఊరి పేరు చివర "సముద్రం" ఉంది. వేసవిలో ట్యాంకరు నీళ్ళు తాగే ఊరికి ఈ పేరు ఎవరు పెట్టారు?
– ఒక విద్యార్థిని, అనంతపురం

సమాధానం: చెరువు కట్టించినవారు పెట్టారు. విజయనగర రాజుల కాలంలో పెద్ద చెరువుకు సముద్రమనీ సాగరమనీ పేరు పెట్టడం పరిపాటి. కట్టించిన రాజు పేరో, రాణి పేరో దానికి ముందు చేరుతుంది. మీ అనంతపురమే అందుకు ఉదాహరణ. బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు 1364లో పండమేరు వంకకు అడ్డంగా పెద్ద చెరువు కట్టించాడు. కట్ట ఒక కొనన బుక్కరాయసముద్రం, మరొక కొనన అనంతసాగరం వెలిశాయి. ఒకటి రాజు పేరు, రెండవది మంత్రి భార్య అనంతమ్మ పేరని ఒక కథనం. చెరువు తెగబోతున్నప్పుడు ఊరిని కాపాడటానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండికి బలి అయిందన్న కథ కూడా ఈ కట్టదే. కట్ట మీద ఆమెకు ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి.

చెరువు ఎలా ఉండాలో ఆనాటివారికి స్పష్టంగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, రాకూడని ఆరు దోషాలను అందులో చెక్కించాడు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం, ఇవి ఐదు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఆరవ దోషం. ఎగువ రాష్ట్రంతో నీటి పంచాయితీ నడుస్తున్న ఈ రోజులలో ఆ ఆరవ దోషం చదివినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని కూడా ఆ శాసనమే చెబుతుంది.

మీ ఊరి సముద్రం ఎండిపోయినది ఎందుకన్నది వేరే సంగతి. పూడిక పేరుకున్నదా, వంకకు ఎగువన ఎవరైనా అడ్డుకట్ట వేశారా, చెరువు కడుపులోనే చేలు వెలిశాయా అన్నవి ఊరివారిని అడిగితే మీకే తెలుస్తాయి.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో దొరికిన కాగితంలో "దశబంధం ఇనాం" అనీ "ఫసలీ 1300" అనీ ఉన్నాయి. వీటి అర్థం చెప్పగలరా?
– ఒక పాఠకుడు, కదిరి

సమాధానం: ఫసలీ అన్నది పంటల లెక్కకు పెట్టిన సంవత్సరం. జూలై ఒకటిన మొదలై మరుసటి జూన్ ఆఖరుకు ముగుస్తుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే అది మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. మీ కాగితం 1890 జూలై, 1891 జూన్ నడుమది.

దశబంధం సీమ చెరువులకు ప్రాణం వంటి ఏర్పాటు. సొంత ఖర్చుతో చెరువో, కాలువో కట్టించినవారికీ, తెగినదాన్ని బాగు చేయించినవారికీ ఆ నీటి కింద నేలలో కొంత భాగాన్ని పన్ను లేకుండా ఇచ్చేవారు. పదవ వంతు అన్న లెక్క మీద ఆ పేరు వచ్చింది. చెరువు మరమ్మతు చేస్తున్నంత కాలమే ఆ మాన్యం చెల్లుతుంది. కంపెనీవారు కూడా దీనిని రద్దు చేయకుండా కొనసాగించారు. మీ తాతగారి ఇంటివారు ఏదో ఒక చెరువుకు బాధ్యులై ఉన్నారన్న మాట. కాగితంలో చెరువు పేరు తప్పక ఉంటుంది, చూడండి. 1956 నాటి ఇనాముల రద్దు చట్టంతో ఈ ఇనాములు రైత్వారీ పట్టాలుగా మారాయి. నేల పట్టా అయింది, మరమ్మతు బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

ప్రశ్న: మా ఊరు ఏ జిల్లా చరిత్రలో వెతకాలి? పాత పుస్తకాలలో బళ్ళారి అంటారు, తరువాత అనంతపురం అంటారు, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు.
– ఒక పాఠకురాలు, పెనుకొండ

సమాధానం: మూడింటిలోనూ వెతకాలి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చాడు. దత్తమండలం అన్న పేరు అప్పటిదే. థామస్ మన్రో 1807 వరకు దానికి ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. 1808లో దానిని బళ్ళారి, కడప జిల్లాలుగా విడగొట్టారు. బళ్ళారి నుంచి 1882లో అనంతపురం, దాని నుంచి 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాయి. మీ ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది.

ప్రశ్న: మా అవ్వ చిన్నప్పుడు కొర్రన్నమే తిన్నామంటుంది. మా నాయనకు వేరుశనగ తప్ప వేరే పంట తెలియదు. మా ఊరి అసలు పంట ఏది?
– ఒక యువ రైతు, ధర్మవరం ప్రాంతం

సమాధానం: ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వారి నడుమ ఒక తరం గడిచింది. వేరుశనగ దక్షిణ అమెరికా మొక్క. మన ఎర్రనేలలలో కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న, ఉలవ, కంది, ఆముదం పండేవి. ఒకే చేనులో నాలుగైదు రకాలు సాళ్ళు సాళ్ళుగా వేసేవారు. ఏ వాన తప్పినా ఏదో ఒకటి ఇంటికి వచ్చేది, పశువులకు మేత దక్కేది. గొర్రెల మందలను రాత్రుళ్ళు చేలో కట్టించుకొని, మంద కాపరికి గింజలు కొలిచేవారు.

1960ల తరువాత వేరుశనగ ఆ సాళ్ళను ఒకదాని తరువాత ఒకటి మింగింది. గానుగలు పోయి నూనె మిల్లులు వచ్చాయి, అమ్మిన రోజే చేతికి రొక్కం వచ్చింది, కాయ పోయినా కట్టె పశువులకు మేత అయింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత ఇంటి కోసం కొర్ర పండించవలసిన అవసరం కూడా పోయింది. 1986లో నూనెగింజల మిషన్ మొదలై పంటకు మరింత ఊపు తెచ్చింది. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరవడంతో ధర మీద దెబ్బ పడింది. అప్పటికి మీ నాయన తరం రైతుకు కొర్ర విత్తనం కూడా ఇంట్లో లేదు.

వేరుశనగకు మన వానతో సరిపడని చోటు ఒకటి ఉంది. విత్తిన నెలకు పూత వస్తుంది. ఆ పూత నుంచి దిగే ఊడ నేలలోకి దిగితేనే కాయ అవుతుంది. సరిగ్గా ఆ రోజులలో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే ఎర్రనేల పైపొర ఇటుకలాగా గట్టిపడుతుంది. చేలో వంగి మొక్కను పక్కకు వంచి చూడండి. ఊడలు నేలను తాకి, కొన వంగి, నల్లగా మాడి ఉంటాయి. పైన మొక్క పచ్చగానే ఉంటుంది కాబట్టి రోడ్డు మీద నుంచి చూసేవారికి పంట బాగున్నట్టే కనిపిస్తుంది. కొర్రకు ఈ గండం లేదు. దాని గింజ గాలిలోని కంకిలోనే పండుతుంది. ఎన్నో ఏళ్ళుగా సీమలో రాజ్యమేలిన టీఎంవీ-2 అనే వేరుశనగ రకం తమిళనాడులోని తిండివనం నుంచి వచ్చినది. మీ పక్కనే ఉన్న కదిరి పరిశోధన స్థానం ఆ తరువాత కదిరి-6 వంటి రకాలను తెచ్చింది. రకం మారినా ఊడ నేలలోకి దిగవలసిందే. కొర్రను పూర్తిగా వదలకుండా, వేరుశనగ చేలోనే కంది సాళ్ళు పెట్టేవారిని నేను మెచ్చుకుంటాను. అంతకు మించి మీ చేనుకు ఏది సరి అన్నది దూరాన కూర్చొని చెప్పడం నాకు తగదు.

ప్రశ్న: మా వీధిలో తారు కింద గుండ్రటి బండలు కనిపిస్తున్నాయి. పాత పాతరలని పెద్దలు చెబుతారు. ధాత కరువులో వీటి వల్లనే ఊరు బతికిందని కూడా అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కోవెలకుంట్ల ప్రాంతం

సమాధానం: పాతరలన్న మాట నిజం. నీరు ఎక్కని గట్టి నేలలో మనిషి నిలబడేంత లోతు గుంత తవ్వి, అడుగునా పక్కలా సొప్ప దట్టంగా పరిచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ సొప్ప కప్పి, బండ వేసి మట్టితో మెత్తేవారు. గాలి సోకదు కనుక పురుగు పట్టదు. జొన్నలు కొన్నేళ్ళు నిలుస్తాయి. ఎవరి పాతర ఎక్కడ ఉందో ఇంటివారికే తెలిసేది.

ధాత నామ సంవత్సరపు కరువు 1876లో రెండు కాలాల వానలూ తప్పడంతో మొదలై 1878 దాకా సాగింది. సహాయపు పనులకు పోయిన కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన ఒక అణా చాలునని ఆనాటి ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగవ వంతు తగ్గారు. మీ పక్కన పారే కర్నూలు–కడప కాలువ అప్పటికే తయారైంది. అయినా నల్లరేగడి రైతులు అంతకు ముందు ఆ నీటిని పెద్దగా తీసుకోలేదు. రేగడికి తడి ఎక్కువైతే చెడుతుందని వారి భయం. కాలువ తవ్విన ప్రైవేటు కంపెనీ నష్టపోయి, 1882లో ప్రభుత్వానికి అమ్ముకుంది. ఇక పాతరలు ఊరినంతటినీ బతికించాయన్న మాటను నేను కొంచెం సవరిస్తాను. పాతర ఉన్నది భూమి ఉన్న ఇళ్ళకే. మొదటి ఏడు పాతర తీసి కూలీలకు కొలిచిన ఇళ్ళు కొన్ని ఉండవచ్చు. రెండవ ఏడు వచ్చేసరికి తాళం వేసిన ఇళ్ళు, రాత్రిపూట తవ్విన పాతరలు కూడా ఉండి ఉంటాయి. మీ పెద్దలు ఏ ఇంటి గురించి చెబుతున్నారో, ఆ ఇల్లు ఊరిలో ఎక్కడ ఉండేదో అడిగి రాసి పెట్టండి.

రోడ్డు పనులలో ఆ బండలను ఎత్తవలసి వస్తే మాత్రం ఎవరినీ వెంటనే లోపలికి దించవద్దు. మూసి ఉన్న పాతరలో గాలి విషమవుతుంది. పాతకాలంలో పాతర తెరిచిన తరువాత ఒక పూట అలా వదిలి, తాడుకు దీపం కట్టి దించేవారు. దీపం ఆరిపోతే మూత తెరిచే ఉంచి మరుసటి రోజుకు వాయిదా వేసేవారు.